రోజుకో రూపాయి

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా అమ్మకాన్ని ఎదిరించిన సంగతి మీరు వినే ఉంటారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారాను నిషేధించారు. మరి సారాకు పోయే డబ్బు ఇంట్లో మిగిలితే ఏం చేయాలి? ఆ జిల్లా ఆడవాళ్లే దారి చూపారు. రోజుకో రూపాయి దాచే పొదుపులక్ష్మి సంఘాలు పెట్టుకున్నారు.

రూపాయితో ఏమవుతుందని అనుకోకండి. లెక్క వేద్దాం. సంఘంలో 15 మంది ఉన్నారనుకోండి. నెలకు 450 రూపాయలు, ఏడాదికి 5,400. అవసరమైన సభ్యురాలు అందులోంచి నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి అప్పు తీసుకుంటుంది. ఇది ఏడాదికి 24 శాతం, తక్కువేమీ కాదు. కాని ఆ వడ్డీ సంఘంలోనే ఉంటుంది. అందులో ఆమెకూ వాటా ఉంది. ఇలాంటి సంఘాలకు బ్యాంకు అప్పులు ఇప్పించే పనిని నాబార్డు 1992లోనే మొదలుపెట్టింది.

తరువాత వారం వారం వాయిదాలు వసూలు చేసే ప్రైవేటు సంస్థలు వచ్చాయి. ఇక్కడ మీరు జాగ్రత్తగా చూడాలి. 10,000 రూపాయలు తీసుకుని, వారానికి 230 చొప్పున 50 వారాలు కట్టారనుకోండి. మొత్తం 11,500. వడ్డీ 15 శాతమే కదా అనిపిస్తుంది. అయితే అసలును కూడా వారం వారం తీరుస్తూనే ఉన్నారు. కాబట్టి ఏడాది పొడుగునా మీ దగ్గర ఉన్న అప్పు సగటున సుమారు 5,000 మాత్రమే. దానికి 1,500 వడ్డీ అంటే దాదాపు 30 శాతం! వసూళ్ల ఒత్తిడికి కొందరు ప్రాణాలు తీసుకున్నారన్న వార్తలు వచ్చాక, 2010 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఈ సంస్థలను అదుపు చేస్తూ ఆర్డినెన్సు తెచ్చింది.

ఇప్పుడు మీ ఇంట్లోని అప్పు కాగితం తీయండి. వాయిదాలన్నీ కూడి, వడ్డీ ఎంత పడుతున్నదో ఇదే పద్ధతిలో లెక్క కట్టండి.