75 వాట్ల ఒళ్లు, ఒకటిన్నర సెంటీమీటర్ల కప్పు

కల్వకుర్తిలో ఒక ఇంట్లో 2,000 వాట్ల రూమ్ హీటర్ రాత్రి 8 గంటలు ఆగకుండా నడిచిందనుకుందాం. రాత్రికి 16 యూనిట్లు. తెలంగాణ ప్రభుత్వ గృహజ్యోతి పథకం కింద 2024 మార్చి నుంచి వస్తున్న సున్నా బిల్లుకు హద్దు నెలకు 200 యూనిట్లు. ఫ్యానూ ఫ్రిజ్జూ లెక్కలో వేయకపోయినా ఒక్క హీటరే 13 రాత్రుల్లో 208 యూనిట్లు మింగేస్తుంది. హద్దు దాటిన నెల మొత్తం బిల్లూ కట్టాల్సిందే.

ఇంతకీ చలి ఎంత?

డిసెంబరు, జనవరి తెల్లవారుజామున ఇక్కడ 15 డిగ్రీల చుట్టుపక్కల ఉండటం మామూలే. కొన్ని రోజులు ఇంకా దిగుతుంది. మైదాన ప్రాంతంలో కనిష్ఠం 10 డిగ్రీలకో అంతకన్నా కిందికో పడి, మామూలు కంటే కనీసం 4.5 డిగ్రీలు తగ్గితే వాతావరణ శాఖ లెక్కలో అది చలిగాలుల రోజు. మబ్బుల్లేని ఆకాశం, పొడిగాలి తోడైతే పగలు నేల తాగిన వేడంతా రాత్రి పైకి పోతుంది. అందుకే పడుకునేటప్పుడు చాలనిపించిన దుప్పటి పొద్దు పొడిచేవేళకు చాలదు.

ఒంట్లోనే ఉన్న పొయ్యి

నిద్రలో ఉన్న పెద్దవారి ఒళ్లు సుమారు 75 వాట్ల వేడి పుట్టిస్తుంది. 8 గంటలకు 0.6 యూనిట్. అది పోకుండా చూసుకుంటే చాలు.

చిన్న లెక్క చూడండి. చర్మం వేడి 33 డిగ్రీలు, గది 15. తేడా 18. ఒంటి వైశాల్యం దాదాపు 1.7 చదరపు మీటర్లు. ఉన్నికి వేడిని దాటనిచ్చే గుణం 0.04 చొప్పున వేస్తే, ఒకటిన్నర సెంటీమీటర్ల మందం కప్పులోంచి పోయేది సుమారు 82 వాట్లు. అంటే పుట్టే వేడి, పోయే వేడి దాదాపు సరిసమానం. గొంగడి రెండు మడతలు, దాని కింద పాత చీరలతో కుట్టిన బొంత, నడుమ చిక్కుకున్న గాలి కలిస్తే ఆ మందం వచ్చేస్తుంది.

అసలు పని చేసేది ఆ గాలే. కదలని గాలికి ఆ గుణం 0.025, నీటికి 0.6, అంటే 24 రెట్లు. తడి బట్ట వణికించేది అందుకే. ఉన్ని మాత్రం తన బరువులో మూడో వంతు దాకా తేమ పీల్చుకున్నా తడిగా తగలదు. మంచులో, తుంపరలో మంద వెంట తిరిగే కురుమలు, గొల్లలు గొంగడి కొప్పెర వేసుకున్నది ఊరికే కాదు.

మంచం కింద

నులక మంచం ఎండాకాలానికి హాయి, చలికాలానికి చిల్లు. అల్లిక సందుల్లోంచి చల్లగాలి వీపుకు తగులుతుంది. పైన మూడో దుప్పటి కప్పుకునే బదులు దాన్ని కింద పరుచుకుంటే ఎక్కువ వెచ్చన. చెవులకు మఫ్లరు, కాళ్లకు మేజోళ్లు మరవొద్దు.

తలుపులు మూసి కుంపటి మాత్రం పెట్టుకోవద్దు. బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. అది రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. చలిమంట వాకిట్లోనే వేయాలి, లేచి లోపలికి పోయేముందు ఆర్పేయాలి.

గొంగడి ఏది మరి?

దక్కనీ గొర్రెకు ఏడాదికి రెండుసార్లు ఉన్ని కత్తిరించేవారు. ఆడవాళ్లు వడికితే, మగవాళ్లు పడుగుకు చింతగింజల గంజి పట్టించి నేసేవారు. ఇప్పుడు తెలంగాణ మందల్లో మాంసానికి పనికొచ్చే నెల్లూరు జాతి పెరిగింది. దానికి ఒంటినిండా వెంట్రుకలే, నేతకొచ్చే ఉన్ని ఉండదు.

కాబట్టి అటక మీద తాతల నాటి గొంగడి ఉంటే దించండి. బాగా దులిపి, ఒక పూట ఎండలో వేయండి. పురుగు కొట్టకపోతే ఈ జనవరికి అదే చాలు, మీటరు తిరగదు.