ఒకే పట్టాలపై మెట్రో, ఎం.ఎం.టి.ఎస్. బండ్లు నడువగలవా?

హైదరాబాదుకు తూర్పున, విజయవాడ రహదారిపై బాటసింగారం ఉన్నది. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్టు 2022లో ఇక్కడికి తరలివచ్చినది. ఇక్కడినుండి కాచిగూడ రైల్వేస్టేషను చేరదలచినవారు బస్సులో ఎల్.బి.నగర్ వెళ్ళి, మెట్రో ఎక్కి, దిల్‌సుఖ్‌నగర్ మీదుగా మలక్‌పేటలో దిగి, అక్కడ ఎం.ఎం.టి.ఎస్. బండిని అందుకోవచ్చును. మెట్రోయైనా, ఎం.ఎం.టి.ఎస్. అయినా విద్యుత్తుతో నడిచేదే. ఉక్కు పట్టాలపై పరుగెత్తేదే. అటువంటప్పుడు రెండు మార్గాలను మలక్‌పేటవద్ద కలిపి, ఒకే బండిని అటూ ఇటూ నడుపరాదా అనే ప్రశ్న సహజంగానే కలుగుతుంది.

విద్యుత్తు విషయంలో చిక్కు లేదు. 2003లో ప్రారంభమైన ఎం.ఎం.టి.ఎస్. బండ్లు, 2018లో ఎల్.బి.నగర్ చేరిన మెట్రో బండ్లు పైతీగనుండి 25,000 వోల్టుల ఏకాంతర విద్యుత్తునే తీసుకొంటాయి. అసలు చిక్కు నేలమీద మొదలవుతుంది.

పట్టాల మధ్య ఎడం

భారతీయ రైల్వేల బ్రాడ్‌గేజిలో రెండు పట్టాల లోపలి అంచులమధ్య ఎడం 1676 మి.మీ. హైదరాబాదు మెట్రోది స్టాండర్డుగేజి. ఆ ఎడం 1435 మి.మీ. మాత్రమే. తేడా 241 మి.మీ., అనగా ఇంచుమించు ఒక జానెడు. ఇరుసుకు బిగించిన చక్రాలు ఈ తేడాకు తగినట్లు వాటంతటవి జరుగలేవు.

మూడవ పట్టా వేసి రెండు రకాల బండ్లను ఒకే దారిన నడపడం సాధ్యమే. కొన్ని దేశాలలో అట్లా చేసినారు. కాని అప్పుడు రెండవ సమస్య ఎదురవుతుంది. ఎం.ఎం.టి.ఎస్. పెట్టె వెడల్పు సుమారు 3.66 మీటర్లు, మెట్రో పెట్టెది 2.9 మీటర్లు. రెండింటి మధ్యరేఖ ఒకటే అనుకొన్నా, పెద్ద పెట్టెకు సరిపడేటట్లు కట్టిన ప్లాట్‌ఫారంవద్ద చిన్న పెట్టె నిలిచినప్పుడు 38 సెంటీమీటర్ల అదనపు సందు ఏర్పడుతుంది. పసిపిల్లలకు, వృద్ధులకు అది ప్రమాదకరం. చిన్న పెట్టెకు సరిపడేటట్లు కట్టినచోట పెద్ద పెట్టె ప్లాట్‌ఫారం అంచును ఒరుసుకొంటుంది. మూడవ పట్టా వేసినప్పుడు బండి మధ్యరేఖ కూడ ప్రక్కకు జరుగుతుంది కనుక లెక్క మరింత చిక్కవుతుంది.

బండికీ బండికీ మధ్య దూరం

మూడవ సమస్య భద్రతకు సంబంధించినది. మెట్రో బండి తానున్న చోటును రేడియో తరంగాల ద్వారా నియంత్రణ వ్యవస్థకు ఎడతెగకుండ తెలుపుతూ ఉంటుంది. ముందున్న బండి కదిలినకొద్దీ వెనుకబండికి అనుమతించే దూరం పెరుగుతుంది. అందుచేతనే కొద్ది నిమిషాలకొక బండిని నడుపగలుగుతున్నారు. ఆ పరికరాలు లేని బండి ఈ పద్ధతిలో తన ఉనికిని తెలుపలేదు.

ఎం.ఎం.టి.ఎస్. దారి అటువంటిది కాదు. ఎక్స్‌ప్రెస్ బండ్లు, గూడ్సు బండ్లు కూడ ఆ పట్టాలనే వాడుకొంటాయి. ఎక్కడో దూరాన ఆలస్యమైన ఎక్స్‌ప్రెస్ వెనుక లోకల్ బండి ఆగవలసిరావచ్చును. పట్టాలు కలిస్తే ఆ ఆలస్యం కూడ మెట్రోలోకి వస్తుంది, అప్పుడు ఎల్.బి.నగర్‌లో వేచియున్నవారికి మేలుకంటె కీడే ఎక్కువ.

గేజి ఒకటైతే చాలునా? చాలదని ఢిల్లీ తెలుపుతున్నది. 2002లో ప్రారంభమైన అక్కడి తొలి మెట్రో మార్గం బ్రాడ్‌గేజిదే. అయినను దానిపై రైల్వేబండ్లు నడవడంలేదు.

సాధించినవారి అనుభవం

పట్టాలను పంచుకొన్న నగరాలు లేకపోలేదు. టోక్యోలో కేసెయ్ రైల్వే కంపెనీ, భూగర్భ రైలుతో కలిసే ఉద్దేశంతో, 1959లో తన 1372 మి.మీ. గేజిని 1435 మి.మీ.కు మార్చుకొన్నది. 1960 డిసెంబరునుండి ఒకే బండి శివారునుండి నగరగర్భంలోకి వెళ్ళగలిగింది. జర్మనీలోని కార్ల్స్‌రూహెలో 1992నుండి ట్రాములు రైల్వేపట్టాలపై కూడ నడుస్తున్నవి. అక్కడ గేజి ఒకటే, విద్యుత్తు వేరు. అందుచేత రెండు రకాల విద్యుత్తుతోను నడిచే బండ్లను తయారుచేసుకొన్నారు. మన దేశంలో మీరట్ నగరమెట్రో, ఢిల్లీనుండి వచ్చే నమో భారత్ బండ్లు ఒకే పట్టాలను వాడుకొనేటట్లు మొదటినుండే ప్రణాళిక వేసి నిర్మించినారు.

ఈ ఉదాహరణలన్నిటిలోను కలయిక ముందుగా నిర్ణయమైనది. బండి, పట్టా, ప్లాట్‌ఫారం, సంకేతాలు ఆ నిర్ణయానికి అనుగుణంగా అమరినవి. స్తంభాలపై వంతెన లేచిన తరువాత దాని కొలతలు మార్చడం సులభం కాదు. మెట్రో రెండవ దశలో ఎల్.బి.నగర్‌నుండి హయత్‌నగర్ వరకు సుమారు 7 కిలోమీటర్ల మార్గం ప్రతిపాదించబడినది. బాటసింగారం ఆ దారిలోనే ఇంకా ముందుకు ఉన్నది. ఏ బండి ఎంతవరకు వెళ్ళవలెనో తేల్చుకోవలసిన సమయం కాంక్రీటు పోయకముందే.

మలక్‌పేటలో పట్టాలు కలియకపోయినా ప్రయాణికుల దారులు కలుపవచ్చును. ఎండవానలు తగులని నడకదారి, రెండింటికీ చెల్లే ఒకే టిక్కెట్టు, ఒకదానికొకటి అందే వేళలు ఏర్పడితే, బండి మారడమనే శ్రమ చాలవరకు తగ్గుతుంది. దీనికి ఒక్క పట్టానైనా కదల్చనక్కరలేదు.