ఒక్క రాయి తక్కువైన ఊరు

యునెస్కో 1978లో మొట్టమొదటి ప్రపంచ వారసత్వ జాబితా వేసినప్పుడు అందులో ఉన్నవి పన్నెండు చోట్లే. పోలండ్‌లోని క్రాకోవ్‌తో పాటు ఆ జాబితాకెక్కిన నగరం ఈక్వెడార్ రాజధాని క్విటో. పిచించా అగ్నిపర్వతం పక్కన, 2,850 మీటర్ల ఎత్తున ఉంటుంది. టూర్ ప్యాకేజీలో వచ్చేవాళ్లు ఒక పూటలో చూసేసి గలాపగోస్ దీవులకు విమానమెక్కుతారు. వాళ్ల ఖర్మ. ఇక్కడ ఏది చూసినా వెనక ఒక కథ ఉంటుంది, ఆ కథలో సగం నిజం, సగం కోత. ఏది ఏదో తేల్చుకోవాలంటే తీరిగ్గా, సొంతంగా తిరగాల్సిందే.

ఇంకాల గోడల కోసం మాత్రం వెతక్కండి. 1534లో స్పెయిన్ సైన్యం వస్తోందని తెలిసి, శత్రువుకు ఏమీ దక్కకూడదని ఇంకా సేనాని రుమిన్యావి ఊరికి నిప్పు పెట్టించాడు. అదే ఏడాది డిసెంబర్ 6న సెబాస్టియన్ దె బెలాల్కాసర్ స్పానిష్ నగరాన్ని నిలబెట్టింది ఆ బూడిద మీదే.

శాన్ ఫ్రాన్సిస్కో చర్చి దగ్గర ఎవరిని కదిపినా కంతూన్యా కథ చెబుతారు. చర్చి ముంగిలి కట్టే పని ఒప్పుకున్న ఈ స్థానిక మేస్త్రి గడువులోగా పూర్తిచెయ్యలేక సైతానుతో బేరం పెట్టుకున్నాడట. తెల్లారేలోగా పని ముగిస్తే ఆత్మ నీదే, ఒక్క రాయి తగ్గినా ఒప్పందం చెల్లదు అని. సైతాను బలగం రాత్రంతా చెమటోడ్చింది. తీరా చూస్తే ఒక రాయి తక్కువ! కంతూన్యా బతికిపోయాడు. ఆ ఖాళీ ఎక్కడుందని అడిగితే మాత్రం తలా ఒక మూల చూపిస్తారు.

అక్కడికి నాలుగడుగుల దూరంలో లా కొంపన్యీయా చర్చి. జెస్యూట్లు 1605లో మొదలుపెట్టి 1765లో ముగించారు. నూట అరవై ఏళ్లు! లోపల గోడల నుంచి పైకప్పు దాకా బంగారు రేకే. ఇంత చేసి వాళ్లు అనుభవించింది రెండేళ్లు. 1767లో స్పెయిన్ రాజు తన రాజ్యమంతటి నుంచీ జెస్యూట్లను వెళ్లగొట్టాడు. బంగారం చూసి నోరు తెరవడం ఎలాగూ తప్పదు గానీ, వెనక్కి తిరిగి ప్రవేశద్వారం పక్కన చూడండి. ఒక వైపు పైకెక్కే మెలికల మెట్లు. రెండో వైపూ అచ్చం అవే మెట్లు, కాకపోతే అవి గోడ మీద వేసిన బొమ్మ. రెండు వైపులా సరిసమానంగా కనిపించాలని వేశారు. నరకం దృశ్యాన్ని చూపే పెద్ద చిత్రం కూడా ఇక్కడే ఉంది. ఏ పాపికి ఏ శిక్షో పక్కనే రాసిపెట్టారు, ఎవరూ పొరబడకుండా.

బసిలికా చర్చికి 1892లో శంకుస్థాపన జరిగింది. యూరప్ గోతిక్ చర్చిల చూరుల్లో రాక్షసుల తలలు ఉండేచోట ఇక్కడ ఇగ్వానాలు, తాబేళ్లు, కోతులు, ఆర్మడిల్లోలు బయటికి తొంగిచూస్తుంటాయి. అన్నీ ఈక్వెడార్ జంతువులే. పనులు ఇప్పటికీ పూర్తి కాలేదంటారు, పూర్తయిన రోజున లోకం అంతమవుతుందనీ అంటారు. కాంట్రాక్టరుకు ఇంతకంటే మంచి సాకు దొరుకుతుందా? టికెట్టు కొని పైకెక్కితే, లోపలి కప్పు మీద పరిచిన చెక్క పలకల వంతెన దాటి, నిటారు నిచ్చెనల మీదుగా శిఖరం దాకా వెళ్లొచ్చు. కళ్లు తిరిగేవాళ్లు కిందే ఆగండి.

పనెసీయో కొండ మీద రెక్కల మేరీమాత విగ్రహం ఉంది. 1734లో బెర్నార్దో దె లెగార్దా చెక్కిన చిన్న చెక్కబొమ్మకు పెద్ద రూపం అది, దాదాపు ఏడు వేల అల్యూమినియం ముక్కలతో అతికించారు. తల్లి ముఖం ఉత్తరానికి, పాత నగరం వైపు. వీపు దక్షిణానికి. మమ్మల్ని పట్టించుకోదని దక్షిణాన ఉండే శ్రామిక పేటల వాళ్లు సరదాగానే దెప్పుతారు, సరదా వెనక చురక లేకపోలేదు. కొండ మీదికి మెట్లదారిన కాకుండా టాక్సీలోనే వెళ్లండి, ఆ దారిలో దోపిడీలు మామూలే.

ఇక భూమధ్యరేఖ. ఊరికి ఉత్తరాన 30 మీటర్ల స్తంభం, దాని నెత్తిన గ్లోబు, కింద గీసిన గీత. అటో కాలు ఇటో కాలు వేసి ఫొటో దిగని మనిషి ఉండడు. అసలు రేఖ అక్కడికి 240 మీటర్ల ఉత్తరాన ఉందని జీపీఎస్ చెబుతోంది. ఈ తప్పును 1736లో వచ్చిన ఫ్రెంచి శాస్త్రజ్ఞుల నెత్తిన రుద్దుతుంటారు, అది అన్యాయం. ఈ స్తంభం కట్టింది 1979-82 మధ్యలో. లా కొందమీన్, బుగే, గోదిన్ వచ్చింది గీత గీయడానికి కాదు. క్విటో నుంచి దక్షిణంగా మూడు డిగ్రీల మేర కొండలెక్కి దిగి కొలిచి, భూమి నడుము దగ్గర ఉబ్బి ఉంటుందన్న న్యూటన్ మాట నిజమేనని తేల్చారు. పక్కనున్న చిన్న మ్యూజియంలో తొట్టెడు నీళ్లు రేఖకు ఇటు పెడితే ఒక వైపు, అటు పెడితే రెండో వైపు సుడి తిరగడం చూపిస్తారు. నీళ్లు పోసేటప్పుడు గైడు చేతిని గమనించండి, కిటుకంతా అందులోనే ఉంది. భూభ్రమణ ప్రభావం తుపాన్లను తిప్పగలదు గానీ తొట్టిలో నీళ్లను కాదు. మేకు తల మీద గుడ్డు నిలబెట్టడం కూడా అంతే. ఓపికుంటే మీ ఇంట్లోనూ నిలబడుతుంది.

క్విటోలో నీళ్లు 90 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. హాస్టల్ వంటగదిలో అన్నం వండుకుందామనుకుంటే కుక్కర్ ఉందో లేదో ముందే చూసుకోండి, ఉత్త గిన్నెలో అయితే మెతుకు పలుకు మీదే ఉండిపోతుంది. టెలిఫెరికో అనే కేబుల్ కారు మరో 800 మీటర్లు పైకి, పిచించా వాలు మీదికి తీసుకెళ్తుంది. దిగిన రోజే ఎక్కితే తలనొప్పి ఖాయం. 1822 మే 24న స్వాతంత్ర్య సేనాని సూక్రే సేన స్పెయిన్ సైన్యాన్ని ఓడించింది ఈ వాలు మీదే.

ఆ సూక్రే పేరుతోనే దేశపు నాణెం నడిచేది. 2000లో డాలరుకు 25,000 సూక్రేల చొప్పున మార్చి దాన్ని సాగనంపారు. ఇప్పుడు అంతా అమెరికా డాలరే. అమెరికాలో ఎవరి జేబులోనూ కనిపించని డాలరు బిళ్లలు ఇక్కడ మార్కెట్టంతా తిరుగుతుంటాయి.

మధ్యాహ్నం అల్ముయెర్సో అన్న బోర్డు కనిపిస్తే లోపలికి వెళ్లిపోండి. మన మెస్ భోజనం లాంటిదే: సూపు, అన్నంతో ఒక కూర, పళ్లరసం, అన్నిటికీ కలిపి ఒకటే ధర. మాంసం వద్దంటే కోడి పెట్టే ప్రమాదం ఉంది, కోడి కూడా వద్దని విడిగా చెప్పాలి. సూపులో వేసుకోవడానికి పాప్‌కార్న్ ఇస్తే కంగారు పడకండి. బల్ల మీద అహీ అనే మిరప పచ్చడి ఉంటుంది. మిరప పుట్టిల్లు ఈ ఖండమే, పోర్చుగీసు వాళ్ల ఓడలెక్కి మన గుంటూరు దాకా వచ్చింది. అయినా పుట్టింటి వాళ్ల కారం మనకు చప్పగానే తోస్తుంది.

2023 డిసెంబర్‌లో మొదలైన మెట్రో 22 కిలోమీటర్లు, 15 స్టేషన్లు, టికెట్టు 45 సెంట్లు. కంతూన్యా కథ నడిచిన చౌకు కిందే ఒక స్టేషన్. అక్కడ దిగి కార్మెన్ ఆల్తో మఠం దాకా నడిస్తే, గోడలో గిర్రున తిరిగే చెక్క అర కనిపిస్తుంది. అందులో డబ్బులు పెట్టి తిప్పితే, ముఖం చూపించని సన్యాసినులు అవతలి నుంచి తేనె, వైను, మూలికా మందులు పంపుతారు. చిల్లర దగ్గరుంచుకోండి.