'తుపాను కాదు, వాయుగుండమే కదా' అనుకుంటున్నారా?.. ఆ పేర్ల వెనకున్న గాలి లెక్క ఇదీ

2024 సెప్టెంబర్ 1న తెల్లవారకముందే కళింగపట్నం దగ్గర ఒక వాయుగుండం తీరం దాటింది. దానికి పేరు లేదు. తుపాను స్థాయికి చేరనే లేదు. కానీ ఆ వానలకు బుడమేరు పొంగి విజయవాడలో కాలనీలకు కాలనీలే మునిగాయి. జనం మేడల మీదే రోజులు వెళ్లదీశారు.

మరి అంత పని చేసినదాన్ని వాతావరణ శాఖ ఉత్త 'వాయుగుండం' అని ఎందుకంది? అంచనా తప్పిందా? అదేం కాదు. లెక్క ప్రకారం అది వాయుగుండమే. ఎందుకంటే ఆ లెక్కలో వాన లేదు, వరద లేదు. ఉన్నదల్లా గాలి వేగం ఒక్కటే.

బంగాళాఖాతం, అరేబియా సముద్రాల్లో ఈ వర్గీకరణ చేసేది భారత వాతావరణ శాఖ, అంటే ఐఎండీ. సుడి చుట్టూ తిరిగే గాలి గంటకు 31 కిలోమీటర్ల లోపు ఉంటే అది అల్పపీడనం. 31 నుంచి 49 అయితే వాయుగుండం. 50 నుంచి 61 వరకు తీవ్ర వాయుగుండం. 62 తాకితేనే తుపాను, పేరు పెట్టేది కూడా అప్పుడే. 89 నుంచి తీవ్ర తుపాను, 118 నుంచి అతి తీవ్ర తుపాను, 167 నుంచి అత్యంత తీవ్ర తుపాను. 222 దాటితే ఇక సూపర్ సైక్లోనే. 1999 అక్టోబర్‌లో ఒడిశాను ఊడ్చేసింది ఆ చివరి రకమే.

ఏ గాలి? ఎంతసేపటి గాలి?

అసలు చిక్కు ఇక్కడే ఉంది. గాలి ఒకే వేగంతో వీయదు కదా. ఒక్కసారిగా విసురుగా కొట్టి మళ్లీ తగ్గుతుంది. అందుకే నేలకు 10 మీటర్ల ఎత్తులో, 3 నిమిషాల సగటు వేగాన్ని ఐఎండీ లెక్కలోకి తీసుకుంటుంది. బులెటిన్‌లో 'గంటకు 90 నుంచి 100, ఒక్కోసారి 110 కిలోమీటర్లు' అని వస్తే, ఆ 110 క్షణాల పాటు వచ్చే విసురు మాత్రమే. వర్గం తేల్చేది సగటు. రేకులు లేపేది మాత్రం ఎక్కువగా ఆ విసురే.

అమెరికా సంస్థలు 1 నిమిషం సగటు చూస్తాయి. తక్కువసేపటి సగటు తీస్తే అంకె కాస్త పెద్దగా వస్తుంది. అందుకే ఒకే తుపానుకు ఫోన్ యాప్‌లో ఒక వేగం, ఐఎండీ బులెటిన్‌లో ఇంకో వేగం కనిపిస్తుంటాయి. ఎవరూ అబద్ధం చెప్పడం లేదు, కొలత వేరంతే. విదేశీ ఛానళ్లు చెప్పే 'కేటగిరీ 4' లాంటి మాటలు కూడా ఆ లెక్కలోవే.

ఇంతకీ నడి సముద్రంలో ఈ గాలిని కొలిచేదెవరు? అమెరికాలోలా తుపాను లోపలికి విమానాలు పంపడం మన దగ్గర మామూలుగా లేదు. ఉపగ్రహ చిత్రాల్లో మేఘాలు ఎలా సుడి తిరిగాయి, మధ్యలో కన్ను ఎంత స్పష్టంగా ఉంది అన్నది చూసి బలాన్ని అంచనా కడతారు. 1970లలో అమెరికా శాస్త్రవేత్త వెర్నన్ డ్వోరాక్ తయారుచేసిన పద్ధతి ఇది. తీరానికి దగ్గరపడ్డాక మచిలీపట్నం, విశాఖ లాంటి చోట్ల ఉన్న డాప్లర్ రాడార్లు అందుకుంటాయి. 2014 అక్టోబర్ 12న వచ్చిన హుద్‌హుద్ అయితే విశాఖ రాడార్‌నే దెబ్బతీసింది!

ఆ రోజు గాలి గంటకు 180 కిలోమీటర్ల దాకా వీచింది. 60తో వీచే గాలికి ఇది మూడింతలు కదా, నష్టం కూడా మూడింతలే అనుకుంటే పొరపాటు. వేగం రెట్టింపైతే గోడ మీద పడే ఒత్తిడి నాలుగు రెట్లు, మూడింతలైతే తొమ్మిది రెట్లు. విశాఖలో చెట్లు, కరెంటు స్తంభాలు ఆ స్థాయిలో కూలింది ఇందుకే. ఇంకో విషయం. అప్పట్లో హుద్‌హుద్‌ను 'అతి తీవ్ర తుపాను' అనే అన్నారు. 'అత్యంత తీవ్ర' అన్న మెట్టును ఐఎండీ చేర్చింది 2015లో. ఇప్పటి లెక్కలో అయితే అది పైమెట్టులోకి వెళ్లేది.

ఈ రెండు కలిపేయొద్దు

'తుపాను గంటకు 12 కిలోమీటర్ల వేగంతో కదులుతోంది' అని స్క్రోలింగ్ వస్తే, అది సుడి మొత్తం ముందుకు జరిగే వేగం. గాలి వేగం కాదు. పైగా నెమ్మదిగా కదిలే తుపాను ఒకేచోట గంటల తరబడి కుమ్మరిస్తుంది. 2023 డిసెంబర్‌లో మిచౌంగ్ తీరం దాటింది బాపట్ల దగ్గర, అంతకుముందే మునిగింది మాత్రం చెన్నై.

రేవుల్లో ఎగరేసే ప్రమాద హెచ్చరికల నంబర్లు కూడా అంతే. 8కీ 9కీ తేడా బలంలో కాదు, తుపాను రేవుకు ఏ పక్కన తీరం దాటుతుందన్నదే. 10 అంటే రేవు మీదుగా గానీ, మరీ దగ్గర నుంచి గానీ దాటుతుందని. 11 అయితే హెచ్చరిక కేంద్రంతో సంబంధాలే తెగిపోయాయని అర్థం.

గాలి మెట్టు చెప్పని ప్రమాదాలు రెండున్నాయి. ఒకటి ఉప్పెన. 1977 నవంబర్ 19న దివిసీమలో దాదాపు 10 వేల మంది పోయింది ఎక్కువగా సముద్రం ఊళ్ల మీదికి రావడం వల్లే. తీరం లోతు తక్కువగా ఉన్నచోట నీళ్లు ఇంకా ఎత్తుకు లేస్తాయి. అందుకే బులెటిన్‌లో ఉప్పెన ఎన్ని మీటర్లన్నది విడిగా ఇస్తారు.

రెండోది వాన. 2020 అక్టోబర్ 13న కాకినాడ దగ్గర తీరం దాటింది పేరు కూడా లేని తీవ్ర వాయుగుండం. ఆ రాత్రి మునిగింది సముద్రానికి అంత దూరాన ఉన్న హైదరాబాద్. వానకు ఐఎండీ దగ్గర వేరే మెట్లున్నాయి. 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్ల నుంచి 'భారీ', 115.6 నుంచి 'అతి భారీ', 204.4 దాటితే 'అత్యంత భారీ'. వాయుగుండం అన్న మాట పక్కనే 'అత్యంత భారీ వర్షాలు' అని మీ జిల్లా పేరు కనిపిస్తే, చూడాల్సింది ఆ రెండో ముక్కనే.