వెనక నుంచి గుద్దినవాడిదేనా తప్పు?

మోటారు ప్రమాదాల్లో నష్టపరిహారం కేసులు వాదించే వకీలును నేను. హైవే మీద ఆగి ఉన్న లారీని రాత్రిపూట కారు గుద్దిన ఫైలు వచ్చిందంటే, ఎఫ్ఐఆర్‌లో ఏముంటుందో తెరవకముందే చాలాసార్లు తెలిసిపోతుంది. ‘అతివేగంగా, అజాగ్రత్తగా కారు నడిపి...’ నడిపిన మనిషి బతికి ఉండడు, కాదని చెప్పడానికి. లారీ అక్కడ ఎందుకు ఆగింది, వెనక లైటు వెలిగిందా అన్న మాట మాత్రం కనిపించదు.

2024 ఏప్రిల్‌లో కోదాడ దగ్గర ఆగి ఉన్న లారీని కారు ఢీకొని ఆరుగురు పోయారు. ఇలాంటి ప్రమాదాల్లో ప్రాణనష్టం ఎక్కువ కావడానికి వేగం ఒక్కటే కారణం కాదు. గుద్దుకున్నప్పుడు కారు ముందు భాగం తాను నలిగి, లోపలివాళ్లను కాపాడాలి. లారీ తొట్టి దానికంటే ఎత్తులో ఉంటుంది. బానెట్ కిందికి దూరిపోతుంది, తొట్టి అంచు అద్దం పగలగొట్టుకుని నేరుగా తలల మీదికి వస్తుంది. బెల్టు పెట్టుకున్నా అప్పుడు పెద్దగా ఆదుకోదు. ఎయిర్‌బ్యాగ్ సమయానికి తెరుచుకోకపోవచ్చు. బతికి బయటపడ్డవాళ్లకు మెదడు దెబ్బలు, మెడపూసల దెబ్బలు, చితికిన ముఖం ఎముకలు. కొందరు ఏళ్ల తరబడి మంచం దిగరు.

దీన్ని ఆపడానికే లారీ వెనక అడ్డంగా ఇనుప గార్డు ఉండాలన్నారు. ఐఎస్ 14812 ప్రమాణం ప్రకారం అది నేలకు 550 మిల్లీమీటర్లకు మించి ఎత్తులో ఉండకూడదు. నేను చూసిన ఫొటోల్లో అది వంగిపోయి ఉంటుంది, లేదా బోల్టులూడి వేలాడుతుంటుంది. ఎర్ర రిఫ్లెక్టివ్ టేపు మట్టికొట్టుకుపోయి ఉంటుంది. టైరు పేలితే వెనక రెండు రాళ్లూ ఒక చెట్టుకొమ్మా పెట్టి డ్రైవరు తన పనిలో పడతాడు. చీకట్లో వచ్చేవాడికి ఆ కొమ్మ ఏం కనిపిస్తుంది?

వాహనాన్ని ఇతరులకు ప్రమాదం కలిగేలా నిలపకూడదని మోటారు వాహనాల చట్టం 122వ సెక్షన్ చెబుతోంది. రోడ్డు మధ్య పార్కింగ్ లైట్లు లేకుండా నిలిపిన గ్యాస్ ట్యాంకర్‌ను కారు ఢీకొన్న కేసులో హైకోర్టు తప్పు చెరిసగం అంది. 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు దాన్ని ఒప్పుకోలేదు, తప్పంతా ట్యాంకర్ డ్రైవరుదేనంది. అలాగని ప్రతి కేసూ గెలవదు. ముందు వెళ్తున్న ట్రక్కుకు మరీ దగ్గరగా కారు నడిపి, అది బ్రేకు వేయగానే గుద్దిన కేసులో అదే ఏడాది ఏప్రిల్‌లో అదే కోర్టు తప్పు కారు డ్రైవరుదేనంది.

కారులో ప్రయాణిస్తున్నవాళ్ల సంగతి వేరు. తప్పు ఇద్దరు డ్రైవర్లదీ అని తేలినా, వాళ్లు మొత్తం పరిహారాన్ని ఏ ఒక్క వైపు నుంచైనా రాబట్టుకోవచ్చని 2015లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఈ ఒక్క సంగతి తెలియక, ‘మావాడిదే తప్పన్నారు సార్’ అని కేసే వేయకుండా ఊరుకున్న తల్లులు నాకు తెలుసు. 2022 ఏప్రిల్ నుంచి చట్టంలో ఆరు నెలల గడువు కూడా వచ్చింది. దుఃఖంలో ఉన్నవాళ్లకు ఆ గడువు చాలా చిన్నది.

అందుకే బంధువులకు చెబుతాను, లారీని పక్కకు లాగకముందే దాని వెనక భాగం ఫొటో తీయించండి అని: గార్డు, టేపు, లైట్లు, రోడ్డు తెల్లగీతకు లారీ ఎటువైపు ఉందో. మోటారు వెహికల్ ఇన్‌స్పెక్టర్లకు నా విన్నపం ఒకటుంది. ‘బ్రేకులు సరిగా ఉన్నాయి, యాంత్రిక లోపం లేదు’ అని రాసి వదిలేయకండి. టేపు పట్టుకుని ఆ గార్డు ఎత్తు కొలిచి, రిపోర్టులో అంకె వేయండి.