పాత ఎలక్ట్రిక్ గిటార్ అమ్ముతున్నారా? ఆ ‘స్పెషల్ ఫీచర్’ రేటు పెంచుతుందా.. తగ్గిస్తుందా?

అటక మీదో, బీరువా పక్కనో ఏళ్ల తరబడి పడి ఉన్న ఎలక్ట్రిక్ గిటార్‌ను అమ్మేద్దామనుకున్నప్పుడు చాలామంది చేసే పని ఒక్కటే. ఫోన్ తీసి నాలుగు ఫొటోలు కొట్టి, ‘గుడ్ కండిషన్’ అని రాసి ఆన్‌లైన్‌లో పెట్టేస్తారు. మామూలు ఆరు తీగల గిటార్ అయితే అలా కూడా అమ్ముడుపోతుంది. కానీ ఏడు తీగలవి, తల లేనివి, లాకింగ్ ట్రెమొలో ఉన్నవి, వాటంతట అవే శ్రుతి చేసుకునేవి అయితే కథ వేరు. కొన్నప్పుడు ఏ ఫీచర్ కోసం ఎక్కువ డబ్బు పోశారో, అమ్మేటప్పుడు అదే అడ్డం తిరగొచ్చు.

గిబ్సన్ కంపెనీనే తీసుకోండి. 2015లో అమెరికాలో తయారుచేసే చాలా మోడళ్లకు ‘జి-ఫోర్స్’ అనే ఆటోమేటిక్ ట్యూనర్లు బిగించింది. బటన్ నొక్కి తీగలు మీటితే చాలు, చిన్న చిన్న మోటార్లే బిరడాలు తిప్పి శ్రుతి చేసేస్తాయి. వినడానికి భలే ఉంది కదా? గిటారిస్టులకు మాత్రం నచ్చలేదు. నెక్ వెడల్పు మార్చడం, రేట్లు పెంచడం కూడా తోడవడంతో విమర్శలు వెల్లువెత్తాయి. మరుసటి ఏడాదే కంపెనీ మామూలు బిరడాలున్న మోడళ్లను మళ్లీ తెచ్చింది. ఆ మోటార్లు పీకేసి మామూలువి పెట్టుకున్నవాళ్లూ ఉన్నారు. అలాంటి గిటార్ మీ దగ్గరుంటే పీకిన యూనిట్‌ను, దాని ఛార్జర్‌ను పారేయొద్దు. కొనేవాళ్లు వాటిని వాడకపోవచ్చు. కానీ అన్నీ ఉన్నాయంటే బేరంలో మీ మాటకు బలం వస్తుంది.

మన దగ్గర సెకండ్ హ్యాండ్‌లో ఎక్కువ తకరారు వచ్చేది ఫ్లాయిడ్ రోజ్ ట్రెమొలోతో. 1970ల చివర్లో వచ్చిన ఈ డిజైన్‌లో తీగను రెండు చివర్లా బిగించి లాక్ చేస్తారు. బార్‌ను ఎంత కిందికి నొక్కినా వదలగానే శ్రుతి మళ్లీ యథాస్థానానికి వస్తుంది. మెటల్ వాయించేవాళ్లకు ఇది ప్రాణం. కొత్తగా నేర్చుకునేవాళ్లకు మాత్రం నరకమే! ఒక్క తీగ తెగినా మొత్తం శ్రుతి తప్పుతుంది. ఎందుకంటే ఆ బ్రిడ్జి నిలబడేది తీగల బిగువుకు, వెనకున్న స్ప్రింగుల బిగువుకు మధ్య బ్యాలెన్స్ మీదే. తీగలు మార్చాలన్నా చాలా టైమ్ పడుతుంది. అందుకే ‘బిగినర్స్‌కి బెస్ట్’ అని రాసి దీన్ని అమ్మితే, వారం తిరక్కుండా తిరిగి తీసుకోమని ఫోన్ రావడం ఖాయం. ఇది ఎవరికి పనికొస్తుందో ముందే చెప్పండి. ఒరిజినల్ ఫ్లాయిడ్ రోజా, లైసెన్స్ మీద వేరే కంపెనీ చేసిందా అన్నదీ రాయండి. తెలిసినవాళ్లు మొదట అడిగేది అదే. బ్రిడ్జి ఆనే పదునైన అంచులు అరిగిపోయి ఉంటే శ్రుతి నిలవదు. దాచినా వాయించిన రెండో నిమిషంలో దొరికిపోతారు.

ఏడు తీగల గిటార్లకు 1990లో స్టీవ్ వై కోసం ఐబానెజ్ తెచ్చిన ‘యూనివర్స్’ మోడల్ పెద్ద మలుపు. వీటికి కొనేవాళ్లు తక్కువ, కానీ వచ్చేవాళ్లు గట్టిగా కావాలనే వస్తారు. కాబట్టి తొందరపడి సగానికి తెగ్గొట్టకండి. హెడ్‌లెస్ గిటార్లలో కొన్నింటికి రెండు చివర్లా గుండు ఉన్న ప్రత్యేకమైన తీగలే పడతాయి. అవి అన్ని షాపుల్లో దొరకవు. మిగిలిన సెట్లుంటే గిటార్‌తో పాటే ఇచ్చేయండి.

మరి మీరే మార్పించిన పికప్పులు, స్విచ్‌ల సంగతేంటి? పెట్టిన ఖర్చంతా రేటు మీద కలుపుదామంటే కుదరదు. మీ చెవికి నచ్చిన సౌండ్‌కు ఇంకొకరు డబ్బు కట్టాలని ఎక్కడా లేదు. పాత పార్టులు దాచి ఉంటే వాటిని తిరిగి పెట్టించి, ఖరీదైన పికప్పులు విడిగా అమ్మడం చాలాసార్లు లాభం. చెక్కను తొలిచి చేసిన మార్పు అయితే వెనక్కి తీసుకోలేం, రేటు తగ్గుతుంది. ‘పింక్ ఫ్లాయిడ్’ గిటారిస్ట్ డేవిడ్ గిల్మర్ వాడిన నల్ల స్ట్రాట్‌కు నెక్‌లు, పికప్పులు ఎన్నోసార్లు మారాయి. అయినా 2019 క్రిస్టీస్ వేలంలో 39.75 లక్షల డాలర్లు పలికింది. అయితే ఆ డబ్బు గిటార్‌ను పట్టుకున్న చేతికి వచ్చింది, మార్పులకు కాదు.

రేటు వేసేటప్పుడు ఆన్‌లైన్‌లో అడుగుతున్న ధరలు చూసి మోసపోవద్దు. నిజంగా ఎంతకు అమ్ముడయ్యాయో చూడాలి. విదేశీ సైట్లలో కనిపించే రేట్లలో మన కస్టమ్స్ డ్యూటీ, షిప్పింగ్ కలిసి ఉండవని గుర్తుంచుకోండి. గిటార్‌ను విదేశాలకు పంపాలనుకుంటే చెక్క ఏంటో తెలుసుకోండి. బ్రెజిలియన్ రోజ్‌వుడ్ అయితే 1992 నుంచి అంతర్జాతీయ నిషేధ జాబితాలో ఉంది, పర్మిట్ లేకుండా పంపలేరు.

ఇలాంటి గిటార్‌కు ఫొటోల కన్నా వీడియో ముఖ్యం. ఎఫెక్టులేవీ లేకుండా, క్లీన్ సౌండ్‌తో తీయండి. స్విచ్‌ను ఒక్కో పొజిషన్‌లో పెట్టి అదే ట్యూన్ వాయించండి. నాబ్ పైకి లాగితే సౌండ్ మారే రకమైతే అదీ చూపించండి. ట్రెమొలో ఉంటే బార్ నొక్కి వదిలి, వెంటనే ట్యూనర్‌ను కెమెరా ముందు పెట్టండి. ఈ ఒక్క షాట్‌తో సగం ప్రశ్నలు ఆగిపోతాయి. ఫ్రెట్ల అరుగుదల, గీతలు, వెనక మూత తీసి లోపలి వైరింగ్ కూడా చూపించాలి. యాక్టివ్ పికప్పులైతే లోపల 9 వోల్టుల బ్యాటరీ ఉంటుంది. ఏళ్లుగా వాడకపోతే అది కారి ఉండొచ్చు, ముందు అది చూసుకోండి.

చివరగా డబ్బు దగ్గర జాగ్రత్త. గిటార్ చూడకుండానే, బేరం ఆడకుండానే ‘ఓకే, ఇప్పుడే పంపిస్తా’ అంటూ క్యూఆర్ కోడ్ పంపారంటే అనుమానించాల్సిందే. డబ్బు తీసుకోవడానికి మీరు యూపీఐ పిన్ కొట్టక్కర్లేదు, ఎవరి కోడ్‌నూ స్కాన్ చేయక్కర్లేదు. పేమెంట్ అయిందని స్క్రీన్‌షాట్ చూపిస్తే నమ్మకండి, మీ బ్యాంక్ ఖాతాలో పడిందో లేదో చూసుకున్నాకే గిటార్ చేతికివ్వండి. ఒకవేళ డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ హెల్ప్‌లైన్ 1930కి కాల్ చేయండి.