కారు కీచుమంటే నూనె డబ్బా తీయకండి



ఈ పూట పంటను గురించి కాదు, పంట పనుల మీద మనం ఎక్కి తిరిగే కారును గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం. జనవరి వచ్చిందంటే సిరికొండ, భీమ్‌గల్, ఆర్మూరు ప్రాంతాలలో పసుపు తవ్వకాలు సాగుతుంటాయి. తవ్వడం, ఉడికించడం, ఆరబెట్టడం, పాలిషు పట్టడం, ఇట్లా ఎండాకాలం దాకా తెరపి ఉండదు. ఇంటికీ కల్లానికీ, కల్లానికీ నిజామాబాదు మార్కెట్టు యార్డుకూ కారు తిరుగుతూనే ఉంటుంది. అట్లాంటి రోజులలో అది ఎక్కడినుంచో కీచుమని అరవడం మొదలుపెడితే ఏం చేయాలి? మెకానికు దగ్గరికి పోవడానికి ముందు ఇంటి ముందరే మనం తెలుసుకోగలిగినది ఎంత?

ఈ చప్పుడు మన పెద్దలకు కొత్తది కాదు. ఎడ్లబండి ఇరుసు కీచుమంటే కందెన పెట్టేవారు. బావి గిలక కీచుమంటే చుక్క నూనె వేసేవారు. చప్పుడు ఆగిపోయేది. ఆ అలవాటు మనలో ఉండిపోయింది గనుక, కారు కీచుమన్నా చెయ్యి నూనె డబ్బా మీదికే పోతుంది. ఇక్కడే ఆగవలె. ఎందుకో చెబుతాను.

రెండు వస్తువులు ఒకదానినొకటి పట్టుకుని, జారి, మళ్లీ పట్టుకుని, మళ్లీ జారుతూ ఉంటే కీచు పుడుతుంది. ఇది సెకనుకు వందల, వేలసార్లు జరుగుతుంది. ఫిడేలు తీగ మీద కమాను పలికేది కూడా ఇట్లాగే. ఇరుసు దగ్గర మనకు కావలసింది జారడం. అందుకని కందెన మంచి మందు. కారులో ఎక్కువగా కీచుమనేవి రెండు: ఇంజను ముందరి బెల్టు, చక్రాల బ్రేకులు. ఈ రెండుచోట్లా మనకు కావలసింది పట్టు. బెల్టుకు నూనె పూస్తే కాసేపు నోరు మూస్తుంది, తరువాత మరింత జారుతుంది, రబ్బరు చెడుతుంది. బ్రేకుకు నూనె తగిలితే చప్పుడు ఆగుతుందేమో గాని, కారు ఆగదు సుమా!

మరి చేయవలసిందేమిటి? పశువుకు జబ్బు చేస్తే వైద్యుడు ముందు ఏమడుగుతాడు? మేత ఎప్పుడు మానింది, నెమరు వేస్తున్నదా అని అడుగుతాడు. అట్లాగే కారునూ అడగవలె. మొదటి ప్రశ్న 'ఎక్కడ' కాదు, 'ఎప్పుడు' అన్నది. కారు నిలిచి ఉండి ఇంజను మాత్రం తిరిగేటప్పుడు అరుస్తున్నదా? లేక చక్రాలు తిరిగేటప్పుడే అరుస్తున్నదా? ఈ ఒక్క ప్రశ్నతో సగం పని తీరుతుంది.

మొదట, కారు నిలిచి ఉన్నప్పుడే వచ్చే కీచు సంగతి. తెల్లవారుజామున ఇంజను వేయగానే కొద్దిసేపు కీచుమని ఆగిపోతే, లైట్లు, ఏసీ వేసినప్పుడు మళ్లీ మొదలైతే, బెల్టును అనుమానించవలె. స్టార్టు చేయడంలో బ్యాటరీ ఖర్చు పెట్టిన కరెంటును ఆల్టర్నేటరు వెంటనే తిరిగి నింపబోతుంది. మన వాళ్లు డైనమో అనేది దీనినే. ఆ బరువు బెల్టు మీద పడుతుంది. వదులైన బెల్టు జారి అరుస్తుంది. పసుపు పాలిషు డ్రమ్ములో సరుకు ఎక్కువైతే మోటారు బెల్టు అరవడం మీరు వినే ఉంటారు. ఇదీ అదే.

పరీక్షకు ముందు మూడు జాగ్రత్తలు. కారును ఆరుబయట సమనేల మీద నిలిపి, హ్యాండు బ్రేకు వేసి, గేరును న్యూట్రలులో పెట్టి, చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టండి. ఆటోమేటిక్ కారయితే పార్కులో పెట్టండి. మూసిన కొట్టంలో ఇంజను నడపవద్దు, దాని పొగ ప్రాణం తీస్తుంది. కండువా, చీరకొంగు, జారిన జడ, వదులు చొక్కా బెల్టు దగ్గరకు రాకూడదు. రేడియేటరు ఫ్యాను కొన్ని కార్లలో ఇంజను ఆపిన తరువాత కూడా దానంతట అదే తిరుగుతుందని మరువకండి.

ముందు ఇంజను ఆపి, చల్లారనిచ్చి, టార్చి వేసి బెల్టును చూడండి. పగుళ్లు, పీచులు లేచిన అంచులు, అద్దంలా మెరిసే నునుపు కనిపిస్తే మార్చవలసిందే. అయితే ఒక మాట. ఈ కాలపు బెల్టుల రబ్బరు పాతవాటి వలె త్వరగా పగలదు, లోపలి గాళ్లు మాత్రం అరిగి లోతవుతాయి. కనుక పగుళ్లు లేవు గదా అని బెల్టు మంచిదనుకోకూడదు. రేడియేటరు నీళ్లుగాని, ఇంజను నూనెగాని కారి బెల్టు తడిసిందేమో కూడా చూడండి. ఆ కారడం ఆపకుండా కొత్త బెల్టు వేసినా అదే పాట పాడుతుంది.

తరువాత నీళ్ల పరీక్ష. ఇంజను నెమ్మదిగా తిరుగుతుండగా, చెయ్యి దూరంగా ఉంచి, స్ప్రే సీసాతో బెల్టు గాళ్ల వైపు కొద్దిగా మంచినీళ్లు చిమ్మండి. కీచు ఇంకా పెరిగితే బెల్టు వదులై జారుతున్నదన్నమాట. క్షణం ఆగి మళ్లీ మొదలైతే కప్పీలు ఒక వరసలో లేవని అనుమానించవచ్చు. నీళ్లతో ఏ మార్పూ లేకపోతే బెల్టును విడిచి, కప్పీల బేరింగుల వైపు, ఆల్టర్నేటరు, వాటరు పంపుల వైపు మెకానికును చూడమనండి.

పాత అంబాసడరు వంటి బండ్లలో బెల్టు పొడుగు వైపు మధ్యన బొటనవేలితో నొక్కి, సుమారు అర అంగుళం లొంగితే చాలు అనుకునేవారు. ఇప్పటి చాలా కార్లలో బెల్టును లాగిపట్టే స్ప్రింగు కప్పీ ఉంటుంది. అక్కడ ఆ కొలత పనికిరాదు. బెల్టు తెగిందంటే బ్యాటరీ చార్జింగు పోతుంది. వాటరు పంపు కూడా ఆ బెల్టుతోనే తిరిగే కారయితే ఇంజను ఉడికిపోతుంది. దారిలో వేడి ముల్లు ఎర్రగీత చేరితే ఆపివేయండి. వేడిమీద రేడియేటరు మూత తీయవద్దు.

ఇక చక్రాలు తిరిగితేనే వచ్చే కీచు. ఇందులో ప్రాణానికి సంబంధించినది బ్రేకు. చాలా కార్లలో బ్రేకు ప్యాడుకు చిన్న ఉక్కు రేకు అమర్చి ఉంటుంది. ప్యాడు అరిగి పలచబడగానే ఆ రేకు డిస్కుకు తగిలి కీచుమంటుంది. అది చెడిపోయిన చప్పుడు కాదు, తయారు చేసినవారు కావాలని పెట్టిన గంట. కొన్నిటిలో బ్రేకు తొక్కితే మోగుతుంది, కొన్నిటిలో తొక్కకుండానే మోగి, తొక్కగానే ఆగుతుంది. ఆగింది గదా అని సంతోషించకూడదు. చక్రం కంతల గుండా టార్చి వేసి చూడండి. వెనుక ఉక్కు పలకను వదలి, అరిగే పదార్థం మందం 3 మిల్లీమీటర్లకు తగ్గితే మార్చే వేళ అయినట్లే. లోపలి వైపు ప్యాడు బయటికి కనిపించదు, అదే ముందు అరగవచ్చు కూడా. కనుక కీచు విడవకపోతే చక్రం విప్పించి చూపించండి. ప్యాడులు మార్చేటప్పుడు కుడి ఎడమ రెండు చక్రాలకూ కలిపి మార్చవలె. కీచు పోయి గరగరమని ఇనుము ఇనుమును గీరే చప్పుడు వస్తే కారును నడపవద్దు, మెకానికునే పిలిపించండి.

భయపడనక్కరలేని కీచులూ ఉన్నాయి. వాన కురిసిన మర్నాడు మొదటి నాలుగైదు బ్రేకులకు కీచుమని ఆగితే, అది డిస్కు మీది పలచని తుప్పు. నున్నని సిమెంటు కల్లం మీద మలుపు తిప్పితే టైర్లు అరుస్తాయి, టైర్లలో గాలి సరిగా ఉంటే చింతలేదు. కంకర దారిలో చిన్న రాయి డిస్కుకూ వెనుక రేకుకూ మధ్య ఇరుక్కుని విడవకుండా గీరవచ్చు. ఒక్కోసారి మెల్లగా వెనక్కి నడిపితే రాలిపోతుంది. రాలకపోతే చక్రం విప్పించవలె. బ్రేకు దుమ్మును నోటితో ఊదవద్దు, ఊపిరితిత్తులకు హాని. ఒక్క జాకీని నమ్మి కారు కిందికి దూరవద్దు.

మెకానికు దగ్గరికి పోయేటప్పుడు ఒక చీటీ మీద నాలుగు ముక్కలు రాసి తీసుకుపోండి: ఎప్పుడు వస్తున్నది, ఏ వైపు నుంచి, ఎంతసేపు, ఏం చేస్తే మారింది. 'ఏదో చప్పుడండీ' అంటే అతడు ఊహించి సామాను మార్చవలసి వస్తుంది. ఒక బెల్టుతో పోయేదానికి ఆల్టర్నేటరు ఖరీదు కట్టవలసి రావచ్చు. పోయేదారిలోనే అది మళ్లీ మౌనం వహించినా, మీ చీటీ మాట్లాడుతుంది.

విస్తరణాధికారులకు ఒక మనవి. ట్రాక్టరు ఫ్యాను బెల్టుకూ, పాలిషు డ్రమ్ము మోటారు బెల్టుకూ ఇదే సూత్రం. రైతుల సమావేశంలో యంత్రాల మాట వచ్చినప్పుడు ఈ ఒక్కటి గుర్తుచేయండి: జారవలసిన చోటికే కందెన, పట్టవలసిన చోటికి పరీక్ష.